పట్టా చవక, నిరీక్షణ ఖరీదు

(మల్లంపల్లి సోమశేఖర శర్మ స్మృతిలో ఇచ్చిన ఉపన్యాస పాఠం)

మల్లంపల్లి సోమశేఖర శర్మగారు ఈ కాలంలో పుట్టి గ్రూప్-2 దరఖాస్తు నింపడానికి కూర్చుని ఉంటే, విద్యార్హత గడి దగ్గరే ఆగిపోయేవారు. ఆయనకు కాలేజీ పట్టా లేదు. మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి దగ్గర ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పనిచేసిన మనిషి. శాసనాలు చదవడం ఒక చేతిపనిలా పట్టుబడింది. ఆ చేతిపనే ఆయన్ను ఆంధ్ర విశ్వవిద్యాలయం దాకా తీసుకువెళ్ళింది. 1948లో ఆ విశ్వవిద్యాలయం అచ్చువేసిన ఆయన ఇంగ్లీషు గ్రంథం కొండవీటి, రాజమహేంద్రవరం రెడ్డి రాజ్యాల చరిత్రకు ఈనాటికీ పునాది. పోటీ పరీక్షలో రెడ్డి రాజుల మీద ఒక్క మార్కు బిట్టు పడితే, దాని జవాబు వెనక ఎక్కడో ఒకచోట ఆ పట్టా లేని మనిషి కష్టం ఉంటుంది.

అలాంటివారి పేరు మీద జరిగే సభలో చరిత్ర పట్టాకు అయ్యే ఖర్చెంత, దానితో వచ్చే బతుకెంత అని లెక్క వేయడం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. నిజానికి శర్మగారి తరం డబ్బు సంగతి పట్టనిది కాదు. ఒక తామ్రశాసనం చేతికొస్తే వాళ్ళు చూసేది రాజుగారి బిరుదులు ఒక్కటే కాదు. దానమిచ్చిన భూమి ఎంత, దాని ఎల్లలు ఏవి, పన్ను ఎవరికి పోతుంది అని కూడా చూసేవారు. ఈ పట్టాను కూడా అలాగే చదవాలి.

ఏటా మే, జూన్ నెలల్లో డిగ్రీ అడ్మిషన్ల వేళ కాలేజీ హెల్ప్‌డెస్కు ముందు ఒకే ప్రశ్న వినపడుతుంది. ఇంటర్ పాసైన పిల్లనో పిల్లాణ్ణో వెంటబెట్టుకొచ్చిన తండ్రి అడుగుతాడు: "హెచ్.ఇ.పి. తీసుకుంటే ఏమొస్తది సార్?" చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం కలిపిన ఆ మూడక్షరాల కోర్సుకు తెలుగునాట రెండు తరాలుగా ఉన్న చిరునామా అది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చి ఆ కూర్పు మారింది కానీ ప్రశ్న మారలేదు. అవతలి నుంచి వచ్చే జవాబూ మారలేదు: "గ్రూప్స్‌కి పనికొస్తుందండీ."

ఆ జవాబు అబద్ధం కాదు. సగం నిజం. ఈ ఉపన్యాసం మిగతా సగం గురించి.

ముందు కంటికి కనపడే ఖర్చు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మూడేళ్ళ బి.ఎ. ఫీజు, అదే ఊళ్ళో కార్పొరేట్ బడి ఒకటో తరగతి పిల్లవాడికి వేసే బిల్లు ముందు దిగదుడుపు. ఉద్యోగం చేసుకుంటూ చదవదలచినవాళ్ళకు 1982లో పుట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దేశంలో అదే మొదటిది. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ కాగానే ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎం.ఎ.లో చేరి చరిత్ర చదవవచ్చు. ఫీజు రసీదులు మాత్రమే చూస్తే దేశంలో ఇంత చవకగా దొరికే చదువు మరొకటి ఉండదు.

కానీ 2008లో ఒక విచిత్రం జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలై, ఆ తర్వాత పేర్లు మార్చుకుంటూ రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగింది. పేద కుటుంబానికి అది చేసిన మేలు తక్కువది కాదు. అయితే ఇంజనీరింగ్ ఫీజు కూడా సర్కారే కట్టేటప్పుడు బి.ఎ. చవక అన్న మాటకు అర్థం పోయింది. రెంటి ధరా ఇంటివాళ్ళ దృష్టిలో ఇంచుమించు ఒకటే అయిపోయాక, వాళ్ళు పోల్చి చూసేది చదువయ్యాక ఏమొస్తుందన్నదే. చరిత్రకున్న ఒక్క పైచేయీ ఆ సంవత్సరం జారిపోయింది. డిగ్రీ ఆన్‌లైన్ సర్వీసెస్ అంటే 'దోస్త్' 2016లో తెలంగాణలో మొదలయ్యాక సీట్ల లెక్కలు అందరికీ కనపడుతున్నాయి. అక్కడ ముందుండేది కామర్స్.

అసలు ఖర్చు రసీదు మీద ఉండదు. పట్టా చేతికొచ్చిన మర్నాడు మొదలవుతుంది.

తెలంగాణ గ్రూప్-2 సంగతి చూడండి. ఉమ్మడి రాష్ట్రం విడిపోయాక వచ్చిన మొదటి గ్రూప్-2 ఫలితాలు తేలేసరికి 2019 అక్టోబరు వచ్చింది. తర్వాతి నోటిఫికేషన్ పడింది 2022 డిసెంబరు చివర్లో, 783 పోస్టులకు. పరీక్ష ఒకసారి కాదు, మళ్ళీమళ్ళీ వాయిదా పడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. దరఖాస్తులు ఐదున్నర లక్షలు దాటాయి. అంటే పోస్టు ఒక్కింటికి 700 మందికి పైగా. చిత్రమేమంటే దరఖాస్తు పెట్టినవాళ్ళలో సగం మంది కూడా పరీక్ష హాలుకు రాలేదు. ఆ రెండేళ్ళలో కొందరు ఓపిక చాలించుకున్నారు, కొందరు వేరే ఉద్యోగాల్లో కుదురుకున్నారు, కొందరికి పెళ్ళిళ్ళయ్యాయి. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో ఒకసారి, 2023 జూన్‌లో మరోసారి జరిగి రెండూ రద్దయ్యాయి. 2024 జూన్‌లో మూడోసారి రాశారు.

హైదరాబాదు అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లో ఈ ఎదురుచూపు కాలానికి ఒక వెల ఉంది. లెక్క కోసం ఒక అంకె అనుకుందాం. గది, మెస్సు, స్టడీ హాలు కలిపి నెలకు 8 వేలు. ఏడాదికి 96 వేలు, నాలుగేళ్ళకు 3 లక్షల 84 వేలు. అదే మనిషి ఊళ్ళోనో పట్నంలోనో నెలకు 15 వేల జీతానికి కుదిరి ఉంటే ఆ నాలుగేళ్ళలో 7 లక్షల 20 వేలు వచ్చేది. పోయినదీ రానిదీ కలిపితే 11 లక్షలు దాటుతుంది. మూడేళ్ళ బి.ఎ. ఫీజు ఈ మొత్తంలో చిల్లర. పైగా ఈ 11 లక్షలకు ఏ ప్రభుత్వమూ రీయింబర్స్‌మెంట్ ఇవ్వదు. ఆడపిల్లకైతే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. రెండో నోటిఫికేషన్ పడేలోపే ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుంది. మూడోదానికి ఆమె చేతిలో పుస్తకం ఉంటుందో ఉండదో చెప్పలేం.

ఇంతకూ "గ్రూప్స్‌కి పనికొస్తుంది" అన్నది చరిత్ర పట్టాయా, చరిత్రా? తెలంగాణ గ్రూప్-2లో మొత్తం 600 మార్కులు. రెండో పేపర్లో 50 మార్కులు భారత, తెలంగాణ సామాజిక సాంస్కృతిక చరిత్రకు. నాలుగో పేపర్ 150 మార్కులూ తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం మీదే. అంటే మూడో వంతు చరిత్రే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 నోటిఫికేషన్ ప్రకారం గ్రూప్-2 మెయిన్స్ 300 మార్కుల్లో 75 ఆంధ్రప్రదేశ్ సాంఘిక సాంస్కృతిక చరిత్రవి. ఈ లెక్కన చరిత్ర చదివినవాడే రాజు కావాలి. కానీ చిక్కడపల్లి గ్రంథాలయం మెట్ల మీద బి.ఎస్.ఎల్. హనుమంతరావుగారి పుస్తకమో తెలుగు అకాడమీ పుస్తకమో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళను పలకరిస్తే బి.టెక్.లు, ఫార్మసీలు, అగ్రికల్చర్ బి.ఎస్సీ.లు బోలెడు కనపడతారు. వాళ్ళకు వెనక్కి వెళ్ళడానికి ఇంకో తలుపు ఉంది, బి.ఎ. కుర్రాడికి చాలాసార్లు లేదు.

సివిల్స్‌లోనూ అంతే. 2017 పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న అనుదీప్ దురిశెట్టి బిట్స్‌లో ఇంజనీరింగ్ చదివాడు, ఆప్షనల్ ఆంత్రొపాలజీ. 2022లో మూడో ర్యాంకు వచ్చిన ఉమాహారతి ఐ.ఐ.టి. హైదరాబాదులో సివిల్ ఇంజనీరింగ్ చేసి అదే ఆంత్రొపాలజీ తీసుకుంది. చరిత్ర పట్టాతో శిఖరానికి వెళ్ళినవాళ్ళు లేరని కాదు. 2021లో దేశంలో మొదటి ర్యాంకు శ్రుతి శర్మది. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో చరిత్రే చదివింది, ఆప్షనలూ చరిత్రే. ఆమె ఫోటో కోచింగ్ బ్రోషర్ల మీద బాగానే పనికొచ్చింది. మన జిల్లా కేంద్రాల బి.ఎ. తరగతికీ ఆ కాలేజీకీ మధ్య ఉన్న దూరం మాత్రం బ్రోషర్ చెప్పదు. గ్రంథాలయం, ఇంగ్లీషు, పక్కన కూర్చున్నవాళ్ళ స్థాయి, అన్నీ ఆ దూరంలో భాగమే.

ఇది మన ఒక్కరి గొడవే అనుకోవద్దు. ఇంగ్లండులో ఏ డిగ్రీకైనా ఏడాది ఫీజు 9,250 పౌండ్ల దగ్గర చాలాకాలం ఆగి, 2025-26లో 9,535 అయింది. అక్కడ పిల్లలు అప్పు చేసి చదువుతారు. 2023 ఆగస్టు నుంచి చేరినవాళ్ళు ఆ అప్పును 40 ఏళ్ళ దాకా మోయవచ్చు. లండన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ 2020లో ఒక అధ్యయనం వెలువరించింది. డిగ్రీ వల్ల జీవితకాలంలో సగటున మగవాళ్ళకు లక్షా 30 వేల పౌండ్లు, ఆడవాళ్ళకు లక్ష పౌండ్లు నికరంగా మిగులుతాయని, కానీ ఐదుగురిలో ఒకరు కాలేజీకి వెళ్ళకపోయి ఉంటేనే డబ్బు పరంగా మేలని తేల్చింది. అమెరికాలో 2008లో చరిత్ర బి.ఎ. పుచ్చుకున్నవాళ్ళు 34 వేలకు పైగా. 2017కు 24 వేల పైచిలుకుకు పడిపోయారు. అదే 2008లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. అప్పు భయం తగిలిన ఇంట్లో మొదట తెగేది చరిత్రే.

అన్నిటికంటే మొండి ప్రయోగం ఆస్ట్రేలియాది. 2020 జూన్‌లో అక్కడి ప్రభుత్వం దేశానికి కావలసిన చదువులు చవక, అక్కర్లేనివి ప్రియం అని తీర్మానించింది. 2021 నుంచి నర్సింగ్, టీచింగ్ ఫీజులు తగ్గించి, చరిత్ర లాంటి చదువులకు విద్యార్థి కట్టవలసింది 113 శాతం పెంచింది. ఏడాదికి దాదాపు 14,500 డాలర్లు. ఆ ప్రకటన చేసిన విద్యామంత్రి డాన్ టీహన్ స్వయానా ఆర్ట్స్ పట్టభద్రుడు. 2024లో వెలువడ్డ యూనివర్సిటీస్ అకార్డ్ నివేదిక ఆ పథకం విఫలమైందని తేల్చి, ఫీజుల పద్ధతి మార్చమంది. చరిత్ర చదవాలనుకున్న పిల్లలు చాలావరకు చరిత్రే చదివారు. అప్పు మాత్రం పెరిగింది.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్ళాలి. తెలుగువాళ్ళలో చరిత్ర సేకరణకు నెల జీతం పుచ్చుకున్న తొలి కుటుంబాల్లో ఏలూరు కావలి సోదరులది ఒకటి. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ దగ్గర కావలి వెంకట బొర్రయ్య పనికి కుదిరి, శాసనాలు, కైఫీయతులనే ఊళ్ళ చరిత్రలు సేకరించి 1803లో నిండా ముప్ఫయి ఏళ్ళు లేకుండానే పోయాడు. ఆ పనిని తమ్ముడు లక్ష్మయ్య భుజాన వేసుకున్నాడు. 1821లో మెకంజీ చనిపోయాక, ఆ సేకరణను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది; సొమ్ము మెకంజీ భార్యకు చేరింది. లక్ష్మయ్య ఆ పని తనకు అప్పగించమని, మిగిలింది పూర్తి చేస్తానని అర్జీ పెట్టుకున్నాడు. 1830లలో ఆ వ్యవహారం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకొచ్చినప్పుడు జేమ్స్ ప్రిన్సెప్ దాన్ని తోసిపుచ్చాడు. దేశీయుడు సేకరించగలడు కానీ విమర్శించి రాయలేడన్నది ఆయన భావం. అదే ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించి పేరు తెచ్చుకున్నాడు. చరిత్ర ఉద్యోగంలో ప్రమోషన్ ఆగిపోవడం మనకు కొత్త కాదు.

ఆ తర్వాతి తరం తెలివైంది. చరిత్రను బతుకుతెరువుగా పెట్టుకోలేదు. కొమర్రాజువారు మునగాల సంస్థానం దివానుగా ఉంటూ 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి నిలబెట్టారు. చిలుకూరి వీరభద్రరావు పత్రికల్లో పనిచేశారు. సురవరం ప్రతాపరెడ్డి న్యాయశాస్త్రం చదివి, 1926 నుంచి గోలకొండ పత్రిక నడుపుతూ, ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. తెలుగులో మొదటి సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే, 1955లో. వీళ్ళందరికీ చరిత్ర అన్నం పెట్టలేదు. ఇంకేదో పెట్టింది. ఆ అన్నంతో చరిత్ర రాశారు. ఈ సంగతి మన బి.ఎ. తరగతుల్లో ఎవరూ పాఠంగా చెప్పరు. చెప్పి ఉంటే పిల్లలు రెండో సంవత్సరంలోనే పక్కన ఇంకో పని నేర్చుకునేవారేమో.

ఇక పట్టాతో దొరికే ఉద్యోగాల మాట. రాశిలో అన్నిటికంటే పెద్దది బడి. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులు, 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 16,347 పోస్టులు. అందులో సోషల్ స్టడీస్ స్కూల్ అసిస్టెంట్లది ఒక వాటా. ప్రారంభ మూలవేతనం తెలంగాణలో 42,300, ఆంధ్రప్రదేశ్‌లో 44,570. బాగానే ఉంది. కానీ దానికి బి.ఎ. ఒక్కటే చాలదు. రెండేళ్ళ బి.ఎడ్., ఆపైన టెట్, ఆపైన డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని చూపులు. కృష్ణా జిల్లా అవనిగడ్డ ఈ చూపుల మీదే కోచింగ్ ఊరైంది. డీఎస్సీ పడ్డ ఏడు అక్కడ అద్దెగది దొరకదు.

కాలేజీలో చెప్పాలంటే ఎం.ఎ., నెట్, చాలాసార్లు దాని మీద పిహెచ్.డి. కూడా. జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు. రెండేళ్ళ తర్వాత 42 వేలు. పరిశోధన చేస్తూ ఇంత రావడం ఒక తరం కింద ఊహించలేనిది. గొలుసు చివర అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700. ఆ కుర్చీ దాకా వెళ్ళలేక గెస్టు, కాంట్రాక్టు, పార్ట్‌టైం అనే మూడు మెట్ల మీద తల నెరిసినవాళ్ళు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉన్నారు. వాళ్ళు చెప్పిన పాఠాలు విని నోట్సు రాసుకున్న పిల్లలే ఒక్కోసారి ముందుగా గ్రూప్స్ కొట్టి ఆఫీసర్లవుతారు. ఇద్దరూ ఊళ్ళో ఎదురుపడ్డప్పుడు ముందు తల దించుకునేది పాఠం చెప్పినాయనే కావడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

జనానికి చరిత్ర మీద మోజు తగ్గిందా అంటే అదీ లేదు. 2017 సంక్రాంతికి గౌతమీపుత్ర శాతకర్ణి సినిమా వస్తే రెండు ప్రభుత్వాలూ వినోదపు పన్ను మినహాయించాయి. ఆ రాజు గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఆయన తల్లి బాలశ్రీ నాసిక్‌లో చెక్కించిన బ్రాహ్మీ శాసనం వల్లనే. ఆ లిపి చదవగలిగేవాడికి ఏ పన్నూ మినహాయించిన జాడ లేదు. యూట్యూబులో కాకతీయుల మీద గుక్క తిప్పుకోకుండా మాట్లాడే ఛానెళ్ళున్నాయి, టూర్ ఆపరేటర్లున్నారు, 2021లో రామప్ప యునెస్కో జాబితాకెక్కాక పాలంపేట దారిలో బస్సులు పెరిగాయి. సరుకుకు గిరాకీ ఉంది. సరుకు తయారుచేసే చదువుకే లేదు.

అయితే గిరాకీ ఉండీ మనుషులు దొరకని చోట్లు కొన్ని ఉన్నాయి. వాటి గురించి హెల్ప్‌డెస్కు దగ్గర ఎవరూ చెప్పరు. పురావస్తు శాఖ శాసన విభాగం మైసూరులో ఉంది. అక్కడ పని సంస్కృతం, ప్రాకృతం, తెలుగు, కన్నడ, తమిళ శాసనాల మీద. గ్రేటర్ నోయిడాలోని పురావస్తు విద్యాసంస్థ పీజీ డిప్లొమాకు కావలసింది ఎం.ఎ. పట్టాయే కానీ సీట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఈ దారులన్నిట్లోనూ పట్టా గేటు దగ్గర చూపించే టికెట్టు మాత్రమే. లోపల అడిగేది లిపి వచ్చా, భాష వచ్చా అన్నదే. శర్మగారిని అడిగిందీ అదే.

భాష అంటే మళ్ళీ హైదరాబాదు తార్నాకకు రావాలి. అక్కడి రాష్ట్ర అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలాల పర్షియన్ దస్త్రాలు లక్షన్నర దాకా ఉన్నాయి. నిజాం కాలపు ఇనాములు, జాగీర్లకు సంబంధించిన ముంతఖబ్‌లు, ఫర్మానాలు వేరే. ఇవి మ్యూజియం వస్తువులనుకుంటే పొరపాటు. హైదరాబాదు చుట్టూ ఎకరం కోట్లు పలికే చోట, ఆ భూమి ఇనామా, సర్ఫెఖాసా, పట్టానా అన్న తగువు కోర్టుకెక్కితే ఇరుపక్షాల వకీళ్ళూ ధ్రువీకరించిన నకలు కోసం ఇక్కడికే వస్తారు. కాగితం దొరుకుతుంది. అది గొలుసుకట్టు రాతలో ఉంటుంది. సర్ఫెఖాస్ అంటే నిజాం సొంత జమ అని, ఫసలీ సంవత్సరాన్ని క్రీస్తు శకంలోకి తెచ్చుకోవాలంటే 590 కలపాలని తెలిసి, ఆ రాత చదవగలిగి, దాని చుట్టూ ఉన్న పరిపాలనా పద్ధతి వివరించగలిగే మనుషులు నగరం మొత్తం మీద చాలా తక్కువ.

చరిత్రలో బి.ఎ., లాసెట్ రాసి మూడేళ్ళ ఎల్.ఎల్.బి., సాయంత్రాలు ఉర్దూ, కొంచెం పర్షియన్. ఈ మూడూ కలిసిన మనిషికి ఏ నోటిఫికేషనూ పడదు, ఏ కోచింగ్ సెంటరూ ఫోటో వేయదు. తార్నాకలో నకలు చేతబట్టుకుని, దాన్ని చదివిపెట్టే ఆ మనిషి కోసం బెంచీ మీద కూర్చుని ఎదురుచూసేది మాత్రం వకీలుగారు.